ప్యూరిటీ సంగతి తర్వాత, ముందు కొనేదెవరో అడగండి: మన గ్రాఫైట్ పెట్టుబడి గ్రూపుకి ఒక బహిరంగ లేఖ

గ్రూపు అడ్మిన్లకు, పెద్దలకు, అప్పుడే "నేనూ వస్తున్నా" అని పేర్లు రాయించేసుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

మొన్న జూమ్ మీటింగులో నా వంతు వచ్చేసరికి టైమ్ అయిపోయింది, దొరికిన ఆ కాస్తలోనూ సగం "అన్నా, మ్యూట్‌లో ఉన్నావు" అనడంతోనే సరిపోయింది. అందుకే చెప్పాలనుకున్నదంతా ఇలా అందరికీ కనబడేట్టు రాస్తున్నాను. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి చెప్పొచ్చు, కానీ అలా చేస్తే వెనకాల పుల్లలు పెడుతున్నాడంటారు.

విషయం మీకు తెలిసిందే. విదేశంలో ఒక చిన్న లిస్టెడ్ కంపెనీ, దాని చేతిలో ఒక గ్రాఫైట్ నిక్షేపం, పెద్దపెద్ద అక్షరాల్లో "హై ప్యూరిటీ నేచురల్ గ్రాఫైట్" అని స్లైడ్లు. కొత్త షేర్లు ఇచ్చి డబ్బు తీసుకుంటారట, మనవాళ్లంతా తలా కొంత వేసుకుని ఒక్క మొత్తంగా పంపుదామని ప్రతిపాదన. ఆ కంపెనీ పేరు నేనిక్కడ రాయను. వాళ్లు మోసగాళ్లని నేను అనట్లేదు, అలా అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. నా బాధంతా మనం అడిగిన ప్రశ్నల గురించే. అంతసేపు మీటింగులో "ప్యూరిటీ ఎంత?" అని అడగనివాళ్లు లేరు, "కొనేదెవరు?" అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

నేను ఖనిజాల శుద్ధి పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి, పుట్టి పెరిగింది సాలూరు వైపు. మా కొండల్లోని ఖోండలైట్ రాయిలో గ్రాఫైట్ ఉంటుంది, అక్కడే కాదు, శ్రీకాకుళం నుంచి విశాఖ, గోదావరి జిల్లాల మీదుగా ఖమ్మం దాకా తూర్పు కనుమల పొడుగునా అక్కడక్కడా కనబడుతూనే ఉంటుంది. వాన వెలిశాక రోడ్డు కోసం కోసిన గట్టు మీద చెయ్యి వేస్తే అరచెయ్యి నల్లగా, మెరుస్తూ, జారుడుగా అయిపోతుంది, ఆ మరక చొక్కాకి అంటితే ఇంట్లో చీవాట్లు తప్పవు. రాజమండ్రిలో లోహాలు కరిగించే క్రూసిబుల్స్ చేసే చిన్న చిన్న యూనిట్లు ఈ గ్రాఫైట్ లాంటి సరుకు మీదే బతికాయి. అందుకని గ్రాఫైట్ దొరికింది అన్న వార్త నాకు పెద్ద విశేషంగా అనిపించదు. భూమిలో గ్రాఫైట్ ఉండటం అరుదేమీ కాదు, దాన్ని తీసి లాభానికి అమ్మగలగడమే అరుదు.

ఇక ప్యూరిటీ 99.9 శాతం అని చూపించిన ఆ స్లైడు. అది తెర మీదకి రాగానే చాట్‌లో వరసగా దండాలు, రాకెట్ బొమ్మలు. ఆ అంకె అబద్ధమని నేననను, చాలావరకు నిజమే అయ్యుంటుంది. కాకపోతే అది కొండలో ఉన్న రాయి అంకె కాదు. ల్యాబులో రాయిని నూరి, తేల్చి, రసాయనాలతో ఉడికించి, కడిగి, మళ్లీ కడిగి తీసిన కొద్దిపాటి పొడి అంకె అది. ఖర్చుకి వెనకాడకపోతే దాదాపు ఏ స్ఫటిక గ్రాఫైట్‌నైనా 99.9కి తీసుకుపోవచ్చు, మా సాలూరు గట్టు మీది రాయినైనా సరే. కాబట్టి ఆ అంకె వినగానే అడగాల్సిన మాట "టన్నుకి ఎంతయింది?" అని. ఆ మాట మనమెవరం అడగలేదు, స్లైడులో వాళ్లూ రాయలేదు.

భూమిలోంచే అంత శుద్ధంగా వచ్చే గ్రాఫైట్ అసలే లేదా అంటే, ఉంది, మన పక్కనే ఉంది. శ్రీలంకలో బొగల, కహటగహ గనుల్లో రాతి చీలికల మధ్య సిరలుగా ఉంటుంది, గడ్డలు గడ్డలుగా బయటికొస్తుంది, 90 శాతం పైన కార్బన్ ఉంటుంది, మంచి గడ్డల్లో 99 కూడా దాటుతుంది. చేత్తో ఏరి గ్రేడ్లుగా విడదీస్తారు. మరి అంత సరుకున్న దేశం గ్రాఫైట్ ప్రపంచాన్ని ఏలుతోందా? మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఏడాదికి 30,000 టన్నుల పైన ఎగుమతి చేసిన శ్రీలంక ఇప్పుడు తీసేది ఏడాదికి కొన్ని వేల టన్నులు. సిరలు సన్నం, లోతు వందల మీటర్లు, తవ్వకం భూగర్భంలో, పెద్ద యంత్రం దించితే సరుకు కన్నా వట్టి రాయే ఎక్కువొస్తుంది. అంత శుద్ధమైన చోటే పరిస్థితి ఇదన్నమాట.

ఇప్పుడు మన గ్రూపులో పదేపదే ఉదాహరణగా చెప్పిన కెనడా కథకి వస్తాను, ఒంటారియో ఉత్తరాన ఉన్న ఆల్బనీ నిక్షేపం. (మనకి చూపించిన కంపెనీ ఇది కాదు, కానీ "ఆల్బనీ లాంటిదే" అని ఒకాయన అన్నారు కదా, అందుకని.) జెనియాటా వెంచర్స్ అనే చిన్న కంపెనీ నికెల్, రాగి, ప్లాటినం కోసం గాలిలోంచి విద్యుదయస్కాంత సర్వే చేయించి, బలమైన సంకేతం వచ్చినచోట 2011లో బోరు వేస్తే గ్రాఫైట్ తగిలింది. మామూలుగా గ్రాఫైట్ పాత బురద పొరలు వేడికీ ఒత్తిడికీ మారి ఏర్పడుతుంది, ఇక్కడ మాత్రం లోతులోంచి తన్నుకొచ్చిన వేడి ద్రవాలు రాయిని పగలగొట్టి, గొట్టాల్లాంటి రెండు ఆకారాల్లో గ్రాఫైట్ నింపి పోయాయి. భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లకి ఇది నిజంగా ముచ్చటైన నిక్షేపం, అందులో సందేహం లేదు. ల్యాబులో 99.9 పైన వచ్చింది, సెంట్లలో తిరుగుతున్న షేరు 2013లో ఐదు డాలర్ల దరిదాపుల్లోకి వెళ్లింది. షేరు అలా ఎగిరే నాటికి నిక్షేపంలో ఎంత సరుకుందో చెప్పే మొదటి అధికారిక అంచనా ఇంకా బయటికే రాలేదు.

ఆ అంచనా వచ్చాక చూస్తే రాయిలో గ్రాఫైట్ సుమారు 4 శాతం. అంటే వంద టన్నులు తవ్వితే, ఒక్క రవ్వ కూడా పోకుండా పట్టుకున్నా నాలుగు టన్నులు. "హై ప్యూరిటీ" అన్న నిక్షేపంలో నాలుగు శాతం ఏమిటి అని మీలో కొందరికి ఆశ్చర్యం వేస్తుంది, అక్కడే ఉంది కిటుకంతా. రాయిలో ఎంత ఉందనేది గ్రేడు, తీసిన పొడి ఎంత శుద్ధంగా ఉందనేది ప్యూరిటీ. రెండూ శాతాల్లోనే చెబుతారు కాబట్టి స్లైడులో పక్కపక్కన పెడితే కన్ను పెద్ద అంకె మీదకే పోతుంది. 2015లో వచ్చిన ప్రాథమిక ఆర్థిక అంచనా లాభం చూపించింది, నిజమే, కానీ అందులో సరుకు టన్నుకి సగటున 7,500 డాలర్లకి అమ్ముడవుతుందని వేసుకున్నారు. మామూలు సన్న ఫ్లేక్ (రేకు) గ్రాఫైట్ అందులో పదో వంతు ధర కూడా పలకని రోజులు తర్వాత వచ్చాయి. ఇంతకీ గని? ఇంకా తెరవలేదు. కంపెనీ 2019లో పేరు మార్చుకుని గ్రాఫీన్ (గ్రాఫైట్‌లోంచి విడదీసే, ఒక్క అణువు మందం పొర) వైపు మళ్లింది, కోవిడ్ సమయంలో మాస్కుల పూత వైపు వెళ్లింది, 2021లో జెన్‌టెక్ అయింది. వాళ్లు తప్పు చేశారని కాదు, గని కట్టాలంటే కావలసినంత డబ్బూ కొనేవాళ్లూ దొరక్క చిన్న కంపెనీలు ఇలా దారి మార్చుకోవడం ఈ రంగంలో రోజూ జరిగేదే. ఐదు డాలర్ల దగ్గర కొన్నవాళ్ల సంగతి మాత్రం ఒక్కసారి ఆలోచించండి.

ప్యూరిటీ కొలిచే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. చౌకగా చేసే పరీక్షలో పొడిని కొలిమిలో 950 డిగ్రీల దాకా కాల్చి, ఎంత బరువు తగ్గిందో చూసి, తగ్గిందంతా కార్బనే అని లెక్కేస్తారు. కానీ రాయిలో సున్నపు ఖనిజం ఉంటే దాని వాయువూ పోతుంది, మైకా ఉంటే అందులో నీరూ పోతుంది, అదంతా కార్బన్ ఖాతాలో పడిపోతుంది. ముడి రాయికి ఈ లెక్క చూపిస్తే అసలు నమ్మొద్దు. ఇక 99.9 పైన ఉన్నానని చెప్పేవాడు కాల్చి చూపిస్తే చాలదు, ఇనుమెంత, సిలికా ఎంత, గంధకమెంత, వనాడియమెంత అని మూలకం మూలకం విడిగా, పది లక్షల్లో ఎన్ని వంతులో చూపించే పరీక్ష కావాలి. గ్రాఫైట్‌తో బ్యాటరీలో యానోడ్, అంటే రుణ ధ్రువం, చేసే బ్యాటరీవాడు అడిగేది అదే. వాడికి 99.95 మొత్తం అంకె కన్నా ఆ మిగిలిన 0.05లో ఇనుము ఎంతుందన్నదే టెన్షన్.

తయారీ ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే డబ్బు ఎక్కడ కరిగిపోతుందో ఇక్కడే తెలుస్తుంది. గ్రాఫైట్‌కి నీళ్లంటే పడదు, నూనె అంటే ఇష్టం. అందుకని రాయిని మిల్లులో నూరి, నీళ్లలో కలిపి, కాస్త కిరోసినో డీజిలో, నురగ పుట్టించే రసాయనమో వేసి కింద నుంచి గాలి ఊదితే, గ్రాఫైట్ రేకులు బుడగలకి అతుక్కుని పైకి తేలుతాయి. ఆ నురగ నల్లగా ఉండి వెండిలా మెరుస్తుంది, షెడ్డంతా కిరోసిన్ వాసన, సాయంత్రానికి గోళ్ల సందులన్నీ నలుపే. చూడటానికి ఎంత బాగుంటుందంటే మొదటిసారి చూసినవాళ్లెవరైనా అక్కడికక్కడే షేర్లు కొనేస్తారు. మొదటి నురగలో ఇంకా రాయి ఉంటుంది. మళ్లీ మెల్లగా రుద్ది, మళ్లీ తేల్చి, ఇలా ఎన్నోసార్లు తిప్పితే 94, 95 శాతానికి వస్తుంది. ఎక్కువ నూరితే పెద్ద రేకులు చితికిపోతాయి, పెద్ద రేకుకే మంచి ధర. తక్కువ నూరితే రేకుల పొరల మధ్య ఇరుక్కున్న మైకా, మట్టి బయటికి రాదు. మా తూర్పు కనుమల రాయిలో ఉన్న తలనొప్పి కూడా సరిగ్గా ఇదే.

ఇంతవరకు పెద్ద ఖర్చు కాదు. అసలు ఖర్చు 95 నుంచి 99.95 దాకా వెళ్లడంలో ఉంది. బ్యాటరీ యానోడ్‌కి కావాలంటే ఆ రేకుల్ని మైక్రాన్ల సైజుకి నూరి, బంతుల్లా గుండ్రంగా చెయ్యాలి, ఈ ఒక్క పనిలోనే సగం నుంచి మూడింట రెండొంతుల సరుకు పనికిరాని సన్న పొడిగా పోతుంది. అంటే రెండు మూడు టన్నులు పెడితే టన్ను చేతికొస్తుంది. తర్వాత శుద్ధి. చైనాలో ఏళ్ల తరబడి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో చేశారు, చౌక, కానీ ఆ యాసిడ్ చర్మానికి తగిలితే ఎముక దాకా పోతుంది, వాడిన నీళ్లని ఏం చెయ్యాలన్నది ఇంకో తలనొప్పి. అది వద్దంటే కాస్టిక్‌తో వేయించి మరో యాసిడ్‌తో కడగాలి, లేదా 2,500 డిగ్రీల పైన కాల్చాలి, అప్పుడు కరెంటు బిల్లు గూబ గుయ్యిమనిపిస్తుంది. ఆ పైన పూత, దాని పైన మళ్లీ కాల్చడం. మనకి చూపించిన ప్రాజెక్టులో ఇవన్నీ "ఫేజ్ 2" అని ఒక్క బాణం గుర్తుతో తేల్చేశారు. రేట్లు మాత్రం ఫేజ్ 2 సరుకువి వేసుకున్నారు.

సరే, అంతా చేశారనుకుందాం. కొనేవాడు దొరుకుతాడా? బంగారం అయితే ఏ ఊళ్లోనైనా ఆ రోజు రేటుకి అమ్మేసుకోవచ్చు. గ్రాఫైట్‌కి అలాంటి బజారు లేదు. ఒక్కో కంపెనీతో విడివిడిగా బేరం కుదుర్చుకోవాలి, బ్యాటరీ కంపెనీ అయితే ముందు శాంపిల్ అడుగుతుంది, సెల్ చేసి నెలల తరబడి ఛార్జింగ్ ఎక్కించి దించి చూస్తుంది, తర్వాత ఇంకొంచెం పెద్ద శాంపిల్, చివరికి అసలు ప్లాంటులోంచి వచ్చిన సరుకుతో మళ్లీ మొదటినుంచీ. ఇందులో రెండు మూడేళ్లు పోవడం మామూలే.

దీనికి మొజాంబిక్‌లోని బలామా గనిని మించిన పాఠం లేదు, దాన్ని నడిపే సైరా రిసోర్సెస్ పేరు ఆస్ట్రేలియాలో ఉన్న మన తెలుగువాళ్లకి బాగా పరిచయమే. రాయిలో గ్రాఫైట్ 16 శాతం దాకా, అంటే ఆల్బనీకి నాలుగింతలు. ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటి. ఏడాదికి 3,50,000 టన్నులు తీసేలా ప్లాంటు కట్టారు, 2017 చివర్లో ఉత్పత్తి మొదలైంది. ఇప్పటిదాకా ఏ ఒక్క ఏడాదీ అందులో సగం కూడా తియ్యలేదు. తియ్యలేక కాదు, తీస్తే ధర పడిపోతోంది, కొనేవాళ్లలో ఎక్కువమంది చైనాలోనే ఉన్నారు, వాళ్లకి సొంత గనులున్నాయి. 2019లో ధరలు పడితే ఉత్పత్తి తగ్గించారు, 2020లో కోవిడ్‌తో ఆపేశారు, 2021లో మళ్లీ తెరిచారు, 2023 నుంచి కొన్నాళ్లు నడపడం, కొన్నాళ్లు ఆపడం. 2024లో తమ భూములకి, పునరావాసానికి సంబంధించిన ఫిర్యాదులతో రైతులు రోడ్డెక్కారు, ఎన్నికల గొడవలు తోడయ్యాయి, ఆ డిసెంబర్‌లో కంపెనీ ఫోర్స్ మెజూర్ ప్రకటించింది, అంటే మన చేతిలో లేని కారణాల వల్ల ఒప్పందాలు నెరవేర్చలేమని చెప్పింది. అమెరికా ప్రభుత్వ సంస్థల దగ్గర తీసుకున్న అప్పుల షరతుల్నీ ఆ దెబ్బకి నిలబెట్టుకోలేకపోయింది. గని మళ్లీ నడిచింది 2025 జూన్‌లో. 2016లో ఆరు డాలర్ల పైన ఉన్న షేరు 2024 చివరికి ఇరవై సెంట్ల చుట్టుపక్కలకి వచ్చింది.

ఇదే కంపెనీ అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని విడాలియాలో యానోడ్ ప్లాంటు కూడా కట్టింది, టెస్లాతో 2021లోనే ఒప్పందం చేసుకుంది. టెస్లా అంతటి కొనుగోలుదారు సంతకం పెట్టాక ఇంకేం కావాలి అనుకుంటాం కదా. 2025 జూలైలో టెస్లా నోటీసు ఇచ్చింది, నిబంధనలకి సరిపోయే శాంపిల్స్ ఇవ్వలేదని. కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు, గడువు పలుమార్లు పొడిగించారు. ఎవరిది ఒప్పు అన్నది మనకి అనవసరం. గని ఉండి, ప్లాంటు ఉండి, అమెరికా ప్రభుత్వ రుణం ఉండి, సంతకం పెట్టిన కొనుగోలుదారు ఉన్నాక కూడా శాంపిల్ పాసవడం దగ్గర ఇంత గడబిడ అయితే, మన కంపెనీ స్లైడులో "పలు ప్రముఖ సంస్థలతో చర్చలు జరుగుతున్నాయి" అన్న వాక్యానికి ఎంత విలువ ఇవ్వాలో మీరే చెప్పండి. గేదె నీళ్లలో ఉండగానే బేరమాడటం అంటే ఇదే.

చైనా సంగతి మీటింగులో చాలాసార్లు వచ్చింది. నిజమే, 2023 డిసెంబర్ 1 నుంచి చైనా గ్రాఫైట్ ఎగుమతులకి పర్మిట్ తప్పనిసరి చేసింది, ప్రపంచంలో గుండ్రటి గ్రాఫైట్ దాదాపు అంతా అక్కడే తయారవుతుంది, కాబట్టి బయట గనులు కావాలన్న వాదనలో పస ఉంది. మన దేశం కూడా 2023లోనే చట్టం సవరించి గ్రాఫైట్‌ని కీలక ఖనిజాల్లో చేర్చి వేలాలు మొదలుపెట్టింది, మొదటి విడతలో పెట్టిన బ్లాకుల్లో ఎక్కువ భాగం చాలినంతమంది బిడ్డర్లు లేక రద్దయ్యాయి, అది వేరే కథ. కానీ పర్మిట్లు పెట్టాక ధర ఆకాశానికి అంటిందా? 2024లో చైనా సన్న ఫ్లేక్ టన్ను 500 డాలర్ల కిందకి దిగింది. కారణం ఏమిటంటే, యానోడ్‌కి సహజ గ్రాఫైటే కావాలని లేదు. చమురు శుద్ధిలో మిగిలే పెట్రోలియం కోక్‌ని 3,000 డిగ్రీల దాకా కాల్చి చేసే సింథటిక్ గ్రాఫైట్ ఉంది, చైనాలో దాని ఫ్యాక్టరీలు అవసరానికి మించి లేచాయి, దాని ధర పడితే సహజ గ్రాఫైట్ ధరనీ తనతో పాటు లాక్కుపోతుంది. "కార్ల అమ్మకాలు పెరుగుతున్నాయి, కాబట్టి గ్రాఫైట్ ధర పెరుగుతుంది" అన్న లెక్కలో ఈ ఫ్యాక్టరీలు లేవు.

ఇంకో గందరగోళం కూడా తీర్చాలి. హెచ్ఈజీ, గ్రాఫైట్ ఇండియా షేర్లు 2017, 2018లో ఎన్నో రెట్లు పెరిగాయి, మనలో కొందరు అందులో బాగానే సంపాదించారు, "గ్రాఫైట్ అంటే మనకి కలిసొచ్చింది" అని ఇప్పుడూ అంటున్నారు. వాళ్లు చేసేది స్టీల్ కొలిముల్లో వాడే ఎలక్ట్రోడ్లు, ముడిసరుకు నీడిల్ కోక్, ఫ్యాక్టరీలో తయారయ్యే ఒక రకం కోక్. గనితో వాళ్లకి ఏ సంబంధమూ లేదు. అప్పుడు పెరిగింది ఎలక్ట్రోడ్ల కొరత వల్ల. ఆ అనుభవాన్ని ఈ గనికి అతికించకండి.

డబ్బు పంపే పద్ధతి గురించి కూడా, కాస్త కటువుగానే. అందరి డబ్బూ ఒకాయన పేరున పంపితే షేర్లు ఆయనవే, మన దగ్గర మిగిలేది స్క్రీన్‌షాట్. ఆయన ఎంత మంచివారైనా కావచ్చు, రేపు ఆయనకేదైనా అయితే వాళ్ల పిల్లల్ని వెళ్లి అడగాల్సిన పరిస్థితి ఎందుకు తెచ్చుకోవడం? కెనడా ప్లేస్‌మెంట్లలో, అంటే ఇలా కంపెనీ కొందరికి నేరుగా ఇచ్చే విడతల్లో, తీసుకున్న షేర్లు మామూలుగా నాలుగు నెలలపాటు అమ్ముకోవడానికి వీల్లేదు. షేరుతో పాటు ఇచ్చే వారంట్లు (ముందే అనుకున్న ధరకి తర్వాత ఇంకో షేరు కొనుక్కునే హక్కు) చూసి మురిసిపోతున్నాం, మనకి ఇచ్చినట్టే ముందు విడతలవాళ్లకీ ఇచ్చారు కదా, అవన్నీ షేర్లయితే మన వాటా ఎంత పలచబడుతుందో ఎవరైనా లెక్కేశారా? గని తెరిచేలోపు ఇలాంటి విడతలు ఇంకెన్ని వస్తాయో కూడా తెలియదు, ఎందుకంటే ఈ కంపెనీకి ఆదాయం లేదు, జీతాలూ డ్రిల్లింగ్ ఖర్చులూ అన్నీ మనలాంటివాళ్ల డబ్బులోంచే.

వాళ్లు పంపిన పీడీఎఫ్ ప్రాథమిక ఆర్థిక అంచనా మాత్రమే, గని కట్టొచ్చా లేదా అని లోతుగా తేల్చే ఫీజిబిలిటీ రిపోర్టు కాదు. 1997లో బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ ఇండోనేషియాలో లేని బంగారాన్ని ఉన్నట్టు చూపించి కొంప ముంచాక అక్కడ నిబంధనలు గట్టిగా పెట్టారు. వాటి ప్రకారం ఇలాంటి అంచనాలో ఒక హెచ్చరిక రాసి తీరాలి: ఇది ప్రాథమికం, ఇందులో ఖాయంగా తెలియని నిల్వలు కూడా కలిసున్నాయి, ఇందులో చెప్పింది జరుగుతుందన్న నమ్మకం లేదు అని. మనకొచ్చిన పీడీఎఫ్‌లో అది ఉంది, చిన్న అక్షరాల్లో. దాచిపెట్టలేదు పాపం, మనమే చదవలేదు.

ఇంకొక్క సంగతి, 2025 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ గ్రాఫైట్ మీద రాయల్టీని ధరలో శాతంగా మార్చింది, 80 శాతం, ఆపైన స్థిర కార్బన్ ఉన్న సరుకుకి 2 శాతం, తక్కువున్నదానికి 4 శాతం. గని దగ్గర ప్రభుత్వం గీసుకున్న గీత 80 దగ్గర. అక్కడెక్కడా 99.9 ఊసే లేదు చూశారా.

కాబట్టి అడ్మిన్లకు నా విన్నపం, డబ్బు పంపే తేదీని వాయిదా వెయ్యండి. కంపెనీకి ఒక మెయిల్ పెడదాం. పైలట్ ప్లాంటులో (అసలు ప్లాంటుకి ముందు కట్టే చిన్న నమూనాలో) ఎన్ని టన్నుల రాయి నడిపారు, లేక అంతా ల్యాబు బీకర్లలోనేనా? 95 నుంచి 99.95కి తేవడానికి టన్నుకి ఖర్చెంత, ఏ పద్ధతి, వాడిన యాసిడ్ నీళ్లు ఎక్కడికి పోతాయి? అంచనాలో వేసుకున్న ధర ఏ సరుకుది, ఆ ధరలో సగమే వస్తే ప్రాజెక్టు నిలుస్తుందా? కట్టి తీరాల్సిన కొనుగోలు ఒప్పందం ఒక్కటైనా ఉందా, ఉంటే కొనేవాడి పేరు, టన్నులు, గడువు? ఆ భూమి మీద హక్కున్న స్థానిక తెగలతో ఒప్పందం సంతకమైందా? మూలకాలవారీ పరీక్ష ఏ ల్యాబులో, ఎంత శాంపిల్ మీద చేశారు? లిస్టెడ్ కంపెనీ కాబట్టి బయటికి చెప్పకూడనివి కొన్ని ఉంటాయి, అది అర్థం చేసుకోవచ్చు, కానీ వీటిలో సగానికైనా జవాబులు వాళ్లు ఇప్పటికే ప్రకటించి ఉండాలి. లేవంటే ఆ పని ఇంకా జరగలేదనే.

జవాబులు బాగుంటే నేనూ పెడతాను, దాపరికం ఏమీ లేదు. పోయినా ఫర్వాలేదనుకునే డబ్బు, ఎవరి పేరున వాళ్లు, ఎవరి ఖాతాలోంచి వాళ్లు. ఇంట్లో నగలు కుదువ పెట్టి వేద్దామనుకుంటున్న ఇద్దరు నాకు విడిగా మెసేజ్ చేశారు. మీ ఇద్దరికీ మాత్రం చెబుతున్నాను, వద్దు. జవాబులు ఎంత బాగా వచ్చినా సరే వద్దు.

మెయిల్ డ్రాఫ్టు ఇంగ్లిష్‌లో రాసి గ్రూపు ఫైల్స్‌లో పెట్టాను. శుక్రవారం లోపు మార్పులేమైనా ఉంటే అందులోనే చేర్చండి, శనివారం పొద్దున అడ్మిన్ల పేరుతోనే పంపిస్తే మంచిది. జవాబొచ్చాక టెక్నికల్ భాగం నేను చదివి తెలుగులో రాసి పెడతాను, అకౌంట్ల సంగతి తెలిసినవాళ్లు గ్రూపులో చాలామందే ఉన్నారు, బ్యాలెన్స్ షీటూ వారంట్ల పట్టికా మీరు తీసుకోండి.